మళ్లీ పరిచిన జంపఖానా

మొన్న శనివారం పొద్దున అటక మీది జంపఖానా దింపుదామని నేను స్టూలెక్కితే, స్టూలు పట్టుకోవాల్సిన మా ఆయన పట్టుకోకుండా నవ్వుతూ నిలబడ్డాడు. "మళ్లా దింపుతున్నవా దాన్ని? అదిగూడ మనతోనే రిటైరైందనుకున్న గద," అన్నాడు. ఏం చెప్పినా ఆయన ఆగే రకం కాదు. నన్ను చేసుకోవడమంటే నలుగురైదుగురు ఆడవాళ్లను చేసుకున్నట్టేనని, పొద్దున లేవగానే ఇప్పుడు ఏ పని చేసే మనిషితో కాపురమో గుర్తు తెచ్చుకోవాలని చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోతుంటాడు. జంపఖానాను వరండాలో పరిచాను. కలరా ఉండల వాసన గుప్పుమంది. నీలం, ఎరుపు చారలు వెలిసిపోయాయి గానీ, ఒక మూలన ఆకుపచ్చ ఎనామిల్ మరక మాత్రం నిన్న పడ్డట్టే ఉంది. ఆ మరక నాదే. షాపుల బోర్డులు రాసే రోజుల్లో నా లంగా అంచు నుంచి అంటుకున్నది. దాన్ని చూడగానే నా గుండె ఒక్కసారి ఎగిరిపడింది, ఎందుకంటే మా ఇంట్లో ఈ జంపఖానా పరిచారంటే నేను ఎరగని చోటికి పనికి బయలుదేరుతున్నట్టే. ఈసారి సోమవారం నుంచి ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర కరెంటు ఆటో నడపడానికి కుదిరాను, నాచారం కంపెనీల దాకా. నా వయసు ఆడవాళ్లు మోకాళ్లకు నూనె మర్దన చేసుకుంటుంటే నేను రివర్స్ గేరు సాధన చేస్తున్నాను. ఎంత సంబరంగా ఉందో చెప్పలేను.

జంపఖానా సంగతి చెప్పాలంటే అమ్మ అలవాటు చెప్పాలి. మాలాంటి క్రైస్తవుల ఇళ్లలో కృతజ్ఞత కూడిక అని పెడతారు. బిడ్డ పుట్టినా, జ్వరం తగ్గినా, ఇల్లు మారినా, ఉద్యోగం వచ్చినా పాస్టరయ్యను, నాలుగిళ్ల వాళ్లను పిలిచి పాటలు పాడి ప్రార్థన చేయించి టీ పోస్తారు. మిగతా ఇళ్లలో రకరకాల కారణాలకు పెట్టేవారు, మా ఇంట్లో మాత్రం చాలావరకు నా ఉద్యోగాలకే పెట్టారు. ముందురోజు శనగలు నానబెట్టి, పొద్దున ఉడికించి, ఎండు మిరపకాయలు, ఉల్లిగడ్డ, కొబ్బరి వేసి అమ్మ చేసే గుడాల వాసన కాలనీ మూల మలుపు దాకా వచ్చేది. పేపరు పొట్లాల్లో గుడాలు, పెద్ద గంజులో మరుగుతున్న టీ, గుమ్మం బయట కుప్పగా చెప్పులు. ప్రార్థన చివర పాస్టరయ్య ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "ఈ బిడ్డను ఈ పనిలో స్థిరపరచుము తండ్రీ." అందరూ గట్టిగా ఆమెన్ అనేవారు. ఆ స్థిరపరచుము అన్నచోట నాకు మాత్రం లోపల ఉలిక్కిపడ్డట్టుండేది. దేవుడు విన్నాడంటే నా గతేం కాను అనుకునేదాన్ని.

అప్పట్లో మేము నాచారంలో రెండు గదుల రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. నాయిన దగ్గర్లోని ఇంజనీరింగ్ యూనిట్‌లో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చి ఆ గేటులోపల అడుగుపెట్టిన మనిషి, పదవీ విరమణ దాకా అదే గేటు, అదే షెడ్డు, అదే మిషన్. దాన్ని "నా మిషిన్" అనేవాడు, మేము "మా నాయిన" అన్నట్టుగా. షిఫ్టు సైరన్ మోగిన కాసేపటికి సందు చివర సైకిల్ బెల్లు వినిపించేది. వస్తూనే రంపపు పొట్టు, సబ్బు కలిపి మోచేతుల దాకా రుద్దుకుని నల్లా కింద కడుక్కునేవాడు. ఎంత కడిగినా నూనె వాసన, ఇనుము వాసన పోయేవి కావు. ఆయన చొక్కా జేబు దులిపితే వంకీలు తిరిగిన ఇనుప రజను రాలేది, నాకు వాటితో ఆడుకోవడం ఇష్టం. భోజనానికి కూర్చుంటే చెంబు ఉండే చోట చెంబు, ఉప్పు ఉండే చోట ఉప్పు ఉండాలి. ఒకసారి అమ్మ మంచాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపితే ఆయన రాత్రంతా నిద్రపోలేదని పొద్దున అమ్మ చెప్పుకుని నవ్వింది. ఆ అమ్మ కడుపున, ఆ నాయినకు నేను పుట్టాను.

మా మొదటి కూడిక నాకు మందుల కంపెనీలో పని దొరికినప్పుడు. ఇంజక్షన్ సీసాలు పరీక్షించే పని. తల మీద టోపీ, మూతికి గుడ్డ, ఎదురుగా ట్యూబులైటు, దాని కింద సగం నల్ల పలక, సగం తెల్ల పలక. సీసాను మెల్లగా తలకిందులు చేసి నలుపు మీద చూస్తే తెల్ల నలకలు, తెలుపు మీద చూస్తే నల్ల నలకలు కనిపిస్తాయి. మొదటి వారం నాకు అదొక ఇంద్రజాలంలా ఉండేది. ఇంటికి వచ్చాక కూడా మంచినీళ్ల గ్లాసును దీపానికి ఎదురుగా పెట్టి చూస్తుంటే అమ్మ వీపు మీద ఒకటి వేసి "తాగు ముందు" అనేది. ఆ కూడికలో నాయిన ఎంత గట్టిగా ఆమెన్ అన్నాడంటే పక్కింటి పసిపిల్ల ఉలిక్కిపడి లేచింది. లైటు కింద, ఫ్యాను కింద, కూర్చుని చేసే పని, పైగా కంపెనీ, రేపో మాపో పర్మనెంటు. ఆయన బిడ్డ కోసం అంతకన్నా ఏం కోరుకుంటాడు?

నాతో వచ్చిన తంటా ఏమిటంటే, పని చేతికి అలవాటు పడేదాకా నాకు రోజూ పండగే, అలవాటయ్యాక మాత్రం కుర్చీలో ముళ్లున్నట్టుంటుంది. సీసాలు కళ్లు మూసుకుని చూడగలను అనిపించిన రోజుల్లో, ఒక సాయంత్రం ఉప్పల్‌లో అమ్మ చెప్పిన సరుకులు తేవడానికి వెళ్లి పెయింటర్ యాదగిరన్న షాపు ముందు ఆగిపోయాను. సుద్ద రాసిన దారాన్ని రెండు కొసలా బిగబట్టి మధ్యలో లాగి వదిలితే రేకు మీద తెల్లని గీత పడింది. ఆ గీత మీద అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి పుడుతున్నాయి. టర్పెంటైన్ వాసన ముక్కుకి కొట్టింది. చర్చిలో పిల్లల బడికి చార్టులు రాసేది నేనే కాబట్టి నాకు చెయ్యి ఆగలేదు. "అన్నా, నేనొక అక్షరం రాయొచ్చా?" అన్నాను. ఆయన బీడీ తీసి నన్ను కింది నుంచి మీదికి చూశాడు.

"ఏం పిల్ల నువ్వు? యాడుంటవు?"

"నాచారం. మందుల కంపెనీల జేస్తున్న."

"గట్లయితే గాడ మంచిగ జేస్కోక, ఈడ చేతులు ఖరాబ్ జేస్కుంటవా?" అంటూనే పనికిరాని రేకు ఒకటి నా ముందుకు తోశాడు. నేను రాశాను. ఆయన వంగి చూసి, "కింద ఒత్తులకు జాగ ఇడవాలె. గది నేర్సుకుంటే వస్తది నీకు," అన్నాడు. నేను సరుకులు మర్చిపోయి ఎగురుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ నెల జీతం తీసుకుని కంపెనీ మానేశాను. ఆడపిల్ల నిచ్చెనెక్కి షాపుల బోర్డులు రాయడమేమిటని కాలనీలో నోళ్లు నొక్కుకున్నారు. నాయిన మాత్రం ఒక్కటే అడిగాడు, "గా కుర్చీల నీకేం తక్కువైందే?" అని. తక్కువేమీ కాలేదని ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు.

అమ్మ అమ్మే కదా, జంపఖానా పరిచింది. కొత్త పని కాబట్టి కూడిక పెట్టాల్సిందే అంది. నేను పనిలోంచి నేరుగా వచ్చి కూర్చున్నాను, ఆకుపచ్చ మరక అప్పుడు అంటుకున్నదే. పాపం పాస్టరయ్యకు ఆ సాయంత్రం అది మూడో ఇల్లు. నా పేరు పెట్టి, ఎస్తేరు ఉద్యోగానికి కృతజ్ఞత అని మాత్రమే ఎవరో చెప్పారు. ఆయన కళ్లు మూసుకుని, చేతులెత్తి, "దయగల తండ్రీ, నీ బిడ్డ ఎస్తేరును ఆ మందుల కంపెనీలో స్థిరపరచుము, ఆమె చేతి సీసాలను దీవించుము" అని గొంతు నిండా ప్రార్థించాడు. అందరూ బిత్తరపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోడకు ఆనుకుని గడప పక్కన కూర్చున్న నాయిన ఒక్కడే "ఆమెన్!" అన్నాడు. రేకుల మీద పిడుగు పడ్డట్టు అన్నాడు. అమ్మ పాకుతూ వెళ్లి పాస్టరయ్య చెవిలో గుసగుసగా చెప్పింది. ఆయన నాలుక కరుచుకుని మళ్లీ మొదలుపెట్టి, బోర్డుల పని, కుంచె, నిచ్చెన, అన్నిటినీ పేరుపేరునా దీవించాడు. ఈసారి అందరూ ఆమెన్ అన్నారు. నాయిన లేచి, శుభ్రంగా ఉన్న చేతులను నల్లా కింద కడుక్కోవడానికి బయటకు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మా ఇంట్లో రగడ. నాయిన అప్పటికే కంపెనీ సూపర్‌వైజర్‌ను బతిమాలి నా కుర్చీ సోమవారం దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపించాడట. పైగా ఇప్పుడు పాస్టరయ్య నోటి మాట ఆయన చేతికి దొరికింది. "ప్రార్థన దేనికి జేసిన్రు? మందుల కంపెనీకే జేసిన్రు. దేవుడు ఇన్నడు. ఇగ గాడికే పోవాలె," అన్నాడు. "రెండోసారి గూడ జేసిన్రు గద," అని అమ్మ అంటే, "మొదట జేసిందే మొదట చేరుతది," అన్నాడు. ఇలాంటి వాదన మా నాయిన తప్ప ఇంకెవరూ చేయరు. నవ్వొచ్చింది నాకు, కానీ నవ్వలేకపోయాను. నాకు నా పని కావాలి, నాయిన ఆమెన్ కూడా కావాలి. రెండూ కలిసి దొరికేలా లేవు.

సోమవారం పొద్దున ఆయన సైకిలెక్కమంటే ఎక్కాను. వెనక క్యారియర్ మీద కూర్చుని ఆయన వీపు చూస్తూ పోయాను. కంపెనీ గేటు ముందు దింపాడు. బస్సులు దిగి ఆడవాళ్లు గుంపులుగా లోపలికి పోతున్నారు, నాతో పనిచేసిన వాళ్లు చెయ్యి ఊపారు. నేను కదలలేదు.

"పోవేందే?" అన్నాడు నాయిన.

"నాయినా, గీ లోపలికి పోతే ఇయ్యాల ఏం జేస్తనో తెలుసు, వచ్చే యాడాది ఏం జేస్తనో గూడ తెలుసు. గా షాపుల రేపేం రాస్తనో నాకు తెల్వది. నాకు గాడికే పోవాలని మస్తు ఉన్నది."

"తెల్వని కాడికి పోతనని ఎవలన్న గింత సంబురపడుతరా?" అన్నాడు. కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది ఆ గొంతులో. అంతలో ఆయన షిఫ్టు సైరన్ మోగింది. జీవితంలో ఎప్పుడూ ఆలస్యం చేయని మనిషి, నన్నక్కడే వదిలి సైకిలెక్కి తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. నేను ఉప్పల్ దిక్కు నడిచాను. దారి పొడుగునా గోడల మీద, షట్టర్ల మీద ఉన్న అక్షరాలన్నీ చదువుకుంటూ పోయాను.

ఆ పైన ఆయన నన్ను ఏనాడూ ఆపలేదు, తిట్టలేదు. కానీ ఆమెన్ అనడం మానేశాడు. నిచ్చెన మీద నేను గడిపిన ఏళ్లు గొప్ప ఏళ్లు. తర్వాత ఒక బడిలో డ్రాయింగ్ టీచర్‌గా కుదిరినప్పుడు కూడిక పెడితే, నాయిన గడప పక్కనే కూర్చున్నాడు, గుడాలు తిన్నాడు, పాటకు తాళం కూడా వేశాడు, చివర పెదవులు కదల్చలేదు. ఫ్లెక్సీలు వచ్చి యాదగిరన్న షాపు మూతపడి, బడి కూడా నాకు అలవాటైపోయాక, నేను పళ్ల సెట్లు చేసే ల్యాబులో చేరాను. మైనం కరిగించే వాసన, గులాబీ రంగు చిగుళ్లు, పళ్ల రంగులు సరిచూసే నమూనాలు. మనుషుల పళ్లలో తెల్లవి అసలు లేవని, ఎవరి పసుపు వారిదేనని అక్కడే తెలిసింది. చేరిన కొత్తలో దారిన పోయేవాళ్లను నవ్వించి పళ్లు చూసేదాన్ని. అమ్మ మళ్లీ జంపఖానా పరిచింది. నాయిన మళ్లీ నోరు మూసుకున్నాడు. నాకు ఎంత సంతోషంగా ఉన్నా ఆ ఒక్క గొంతు వినిపించని చోట ఒక పన్ను ఊడినట్టు ఖాళీగా ఉండేది. బాధపడ్డాను, దాచుకోవడం దేనికి?

ల్యాబులో నేను కుదురుకుంటున్న రోజుల్లోనే నాయిన రిటైరయ్యాడు. ఇంట్లో ఆయనకు ఏమీ తోచేది కాదు. సైరన్ సమయానికి లేచి, చొక్కా వేసుకుని, వాకిట్లో నిలబడి, మళ్లీ చొక్కా విప్పేవాడు. అది చూడలేక అమ్మ చర్చిలో ఎవరితోనో చెబితే, బోడుప్పల్ దిక్కు ఒక మొక్కల నర్సరీలో మనిషి కావాలని కబురొచ్చింది. నాయిన వింటూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం నేను ల్యాబు నుంచి వచ్చేసరికి పెళ్లయ్యాక నేనుంటున్న ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఎస్తేరూ, మొదటి దినం ఏం జేస్తరే?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు. నేను పక్కన కూర్చున్నాక నేల చూస్తూ చెప్పాడు. "మా ఊరు ఇడిసి వచ్చి యూనిట్ గేటు కాడ నిలబడ్డ. లోపలికి పొమ్మన్నరు. కాళ్లు కదలలే. లోపల గా చప్పుడు, గా మిషిన్లు. అన్నం గంట గొట్టేదాక ఎండల గట్లనే నిలబడ్డ. ఎవలో పెద్దమనిషి బయటికొచ్చి చెయ్యి వట్టి గుంజుకపోయిండు. గా దినమే అనుకున్న, గిసొంటి దినం ఇగ నాకు ఇయ్యకు దేవుడా అని. నువ్వేమో గా దినం కోసమే ఎగురుకుంట పోతవు. నేను ఆమెన్ ఎట్లనాలె? నా నోటితోటి నిన్ను గా గేటు ముందర నిలబెట్టినట్టు గాదా?"

ఇన్నేళ్లూ నేను అలక అనుకున్నది భయమని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను. "నాయినా, నాకు గూడ భయమైతది. కానీ నేను ఒకటి జేస్త. పోంగనే నీళ్లు యాడున్నయో అడుగుత. నీళ్లు అడిగితే ఎవలూ కాదనరు. నీళ్లు చూపించిన మనిషి నీకు మొదటి దోస్తు. పని గురించి ఏదన్న అడగాల్నంటే వాళ్లనే అడుగు. గంతే," అన్నాను. "గంతేనా?" అన్నాడు చిన్నపిల్లాడిలా. అమ్మ ఆయన కోసం కూడిక పెట్టింది. ఆ రోజు జంపఖానా మధ్యలో ఆయన తల వంచుకుని కూర్చుంటే, అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

నర్సరీ మొదటి రోజు సాయంత్రం గోళ్లనిండా మట్టితో వచ్చాడు. చేతులు కడుక్కోకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. "నీళ్ల కుండ సూపెట్టినామె పేరు బాలమణి. అంటు గట్టుడు నేర్పిస్తనన్నది. ఇనుము చెప్పినట్టు ఇంటదే, చెట్టు ఇనదు. మనమే దాని మాట ఇనాలె!" ఆయన అంత గట్టిగా, అంత తొందరగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. ఒళ్లు సహకరించినన్నాళ్లు ఆ మొక్కల మధ్యే గడిపాడు.

ఆ తర్వాత నేను ఆడపిల్లల హాస్టల్‌లో వార్డెన్‌గా చేరాను గానీ అది కరోనా కాలం, ఎవరూ ఎవరింటికీ పోలేదు, జంపఖానా అటక దిగలేదు. కాబట్టి నిన్న ఆదివారం పెట్టిన కూడికే నాయిన కూడిక తర్వాత మొదటిది. కాలం చాలా మారింది. నా మొదటి కంపెనీలో ఇప్పుడు సీసాలను కెమెరాలు చూస్తున్నాయట. యాదగిరన్న షాపు ఉన్నచోట ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. కాలనీ పిల్లలు ఉద్యోగం మారితే ఫోన్లో ఒక ముక్క పెడతారు, వెంటనే బొటనవేళ్లు లేస్తాయి, అయిపోయింది. అలా మారడానికి ఎవరినీ బతిమాలనక్కర్లేదు, అది బాగుంది. కానీ గుడాల వాసన లేకుండా, నాలుగు గొంతులు కలవకుండా కొత్త గేటు దాటడమంటే నాకు చప్పగా ఉంటుంది. నాయినతో పాటు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్న అమ్మ, ఈ వయసులో కూడా శనగలు తనే నానబెట్టింది. నాయిన కుర్చీలో కూర్చున్నాడు, గడప పక్కనే. ఇప్పుడాయనకు చెవులు సరిగా వినపడవు, అందుకని కొత్త పాస్టరయ్య కుర్చీకి దగ్గరగా నిలబడి కేకేసినట్టు ప్రార్థించాడు. ఆటోను దీవించాడు, బ్యాటరీని దీవించాడు, చివరికి అదే మాటకు వచ్చాడు: "ఈ బిడ్డను ఈ పనిలో స్థిరపరచు..."

"ఆగుండ్రి పాస్టరయ్యా," అన్నాడు నాయిన. అందరం కళ్లు తెరిచాం. "స్థిరం గిరం వద్దు. గది ఎన్నిసార్లు అడిగినా ఆయన ఇచ్చిండా? రేపు మొదటి దినం మంచిగ జరగాలె అని అడగుండ్రి, సాలు."

పాస్టరయ్య ఒక క్షణం తడబడి, అలాగే అడిగాడు. నాయిన కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగి "ఆమెన్" అన్నాడు. గట్టిగానే అన్నాడు. నేను ఎదురుచూసిన ఏళ్లన్నీ కళ్లలోకి వచ్చాయి. ఆకుపచ్చ మరక మీద తల వాల్చుకుని ఏడ్చాను.

ఈ పొద్దున ఆటో తీస్తుంటే అమ్మ వచ్చి నిండుగా నీళ్లు పోసిన సీసా నా సీటు పక్కన పెట్టింది. వాకిట్లో కర్ర పట్టుకుని నిలబడ్డ నాయిన మెల్లగా నడిచి వచ్చి, ఆ సీసా తీసి, నీళ్లన్నీ గుమ్మం పక్కనున్న మల్లె మొదట్లో పోశాడు.

"ఇంట్లకెల్లి నీళ్లు తీస్కపోతరా ఎవలన్న?" అన్నాడు ఖాళీ సీసా నా చేతికిస్తూ. "గాడ అడుగు."